తాడు పట్టుకుని చెప్పిన మాట

సోమవారం

ఏవే తాయారూ, ఎలా ఉన్నావే? నీ ఉత్తరం వచ్చి నెలన్నరైంది. జవాబు రాయనందుకు ముందే చెంపలేసుకుంటున్నా, తిట్టకు. ఉత్తరాల పడవ రెండుసార్లు వచ్చి వెళ్ళిపోయింది, రెండుసార్లూ నేను డ్రమ్ములు కడుక్కుంటూ ఉండిపోయా. ఈసారి అలా కాదు. రోజూ కాసింత కాసింత పలక తెర మీద కొట్టి పెట్టుకుంటా, పడవ రాగానే కాగితం మీదికి దింపి చేతికిచ్చేస్తా. తప్పులుంటే సర్దుకో, నా వేళ్ళు నా నోరంత జోరు కాదు.

గొలుసుపేటలో అంతా మామూలే. కింద నీళ్ళలో పాత కొబ్బరితోటలు కుళ్ళుతున్నాయి, పైన అయిదు వరసల పడవిళ్ళలో మనుషులు పోట్లాడుకుంటున్నారు. మన మూడో వరసలో నీ పడవ ఉన్న చోటు ఇంకా ఖాళీగానే ఉంది. పొద్దున్నే లేచి టార్పాలిన్ మీద కొంగల రెట్ట తుడిచా. రాత్రి పడ్డ వాన తొమ్మిది డ్రమ్ముల్లోకీ వడకట్టా. సబ్బులు సర్దా. కొట్టు తెరిచేసరికి హెచ్చరికల ఆఫీసు పడవ వచ్చి మన రేవులో ఆగింది.

దిగింది ఎవరో తెలుసా, నజీమా. ఆఫీసులో కొత్తగా చేరిన పిల్ల, పాతికేళ్ళుంటాయేమో. పలకల్లో వచ్చే గొంతుల్ని ఎవరూ నమ్మరు కదా, అందుకని పాపం మనిషే స్వయంగా వచ్చి చెప్పాలి. మెడలో బోర్డు, చేతిలో సీసా.

"ఉప్పు తీసే ట్యాంకులోకి నీళ్ళు తోడే చోట ఎర్ర నాచు కనబడిందండీ. అది విషమా కాదా అని ఇంకా పరీక్ష చేస్తున్నాం. రెండ్రోజుల్లో తెలుస్తుంది. అప్పటిదాకా మరిగించి తాగండి," అంది.

గనిరాజు బాబాయి వల బాగుచేసుకుంటూ తలెత్తాడు. "ఏమ్మా, పోయినేడాది మీ ఆఫీసు పంపిన తుఫాను వచ్చేసిందా, ఇంకా దారిలోనే ఉందా?"

రేవంతా గొల్లుమంది. ఆ పిల్ల మొహం ఎర్రబడింది. నేనూ నవ్వాను తాయారూ. నవ్వకుండా ఉండాల్సింది.

మంగళవారం

పొద్దున్న అందరి పలకల్లోకీ ఒకేసారి ఒక గొంతు వచ్చింది. ట్యాంకు ఇంజినీరు గారి గొంతు. మధ్యలో ఆయన దగ్గు, ఆయన "అదేనండీ మరి", అన్నీ ఉన్నాయి. వెనకాల ఎవరో గిన్నెలు తోముతున్న చప్పుడు కూడా ఉంది, ఏదో ఇంట్లో కూర్చుని మాట్లాడినట్టే. "నీళ్ళు బంగారంలా ఉన్నాయండీ. నాచూ లేదు, గీచూ లేదు. వాన నీళ్ళమ్ముకునేవాళ్ళు పుట్టించిన కథ ఇది, అదేనండీ మరి. మీ పిల్లల్ని దాహంతో చంపుకోకండి."

వాన నీళ్ళమ్ముకునేవాళ్ళు! మూడో వరసలో అలాంటి మహానుభావురాళ్ళు ఎంతమందే? నేనొక్కదాన్నే.

అసలు ఇంజినీరు గారు పది రోజులుగా మీ గుట్ట మీద కూతురి దగ్గరున్నారు. అది నజీమా చెప్పింది. ఆ గొంతు ఎవరు తయారుచేశారో ఎవరికీ తెలీదు. ఎవరో ఎక్కడో కూర్చుని చేశారు, అంతే. పలకలో గొంతు నమ్మకూడదన్నది మనం పెట్టుకున్న రూలే, కానీ ఆ గొంతు మనకి నచ్చిన మాట చెబితే రూలు ఎవరికి గుర్తుంటుంది?

కొట్టుకి వచ్చిన ప్రతివాళ్ళూ ఒక రాయి విసిరి పోయారు. "పుణ్యవతక్కా, ఆఫీసు పిల్లకి వాటా ఎంతే?" అని ఒకత్తి. "డ్రమ్ములు ఇంకో నాలుగు కొనిపెట్టుకో, కరువొస్తోందిగా," అని ఇంకొకత్తి. సబ్బు మాత్రం నా దగ్గరే కొంటారు మళ్ళీ.

అయినా నేను ఈ వరస చూపరిని కదా. చూసి రావాల్సిన బాధ్యత నాదీ, గనిరాజు బాబాయిదీ. ఆయన్ని పిలిచా, రానన్నాడు. "నువ్వెళ్ళి చూసుకో తల్లీ, నీ సరుకే కదా," అన్నాడు. ఒక్కదాన్నే తెడ్డేసుకుని వెళ్ళా. నీళ్ళు లోపలికి లాగే జాలీకి ఎర్రటి జిగురు పట్టుంది, మగ్గిపోయిన పనసకాయ కంపు. ట్యాంకు కాపలా సత్తిపండు జాలీ పక్కనే కూర్చుని అటుకులు తింటున్నాడు.

"ఏరా, ఇది కనబడ్డం లేదా నీకు?"

"ఏటా వస్తుంది అక్కా ఇది. నీకు మాత్రం ఈ ఏడాదే కనబడింది."

బుధవారం

నజీమా మళ్ళీ వచ్చింది. పరుగెత్తుకుంటూ వచ్చింది పాపం, చెప్పు ఒకటి పడవలోనే వదిలేసి. పరీక్ష అయిపోయిందట. విషమేనట. మరిగిస్తే పోదట, నీళ్ళు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుందట. చుక్క కూడా తాగొద్దు, శనివారానికి ఆఫీసు నీళ్ళ పడవ వస్తుంది అని చెప్పింది.

"నిన్న కాక మొన్న మరిగించమన్నావుగా?" అన్నాడు సత్తిపండు.

"అప్పటికి మాకు తెలిసింది అంతేనండీ."

"మరి రేపు ఇంకేం తెలుస్తుందో. స్నానం చేసి తాగమంటావా?"

మళ్ళీ గొల్లుమన్నారు. చూడవే, ఆ పిల్ల తెలిసింది తెలిసినట్టు, తెలియంది తెలియనట్టు చెప్పింది. అదే దాని తప్పయిపోయింది. దొంగ గొంతుకి మాత్రం మొదటి రోజే అన్నీ తెలుసు.

సాయంత్రం రేవులో అందరం చేరాం. నేను రేవు తాడు పట్టుకున్నా. దొంగ సైరన్ల ఏడాది తర్వాత మనవాళ్ళు పెట్టుకున్న ఆనవాయితీ నీకు నేను చెప్పాలా. చూపరి వెళ్ళి కళ్ళతో చూడాలి, వచ్చి తాడు పట్టుకుని చెప్పాలి, చెప్పింది అందరి ముందూ తను చేసి చూపించాలి. ఖాళీ చెయ్యమంటే ముందు తన పడవ విప్పాలి. మందు మింగమంటే ముందు తను మింగాలి. తాడు పట్టుకుని అబద్ధం చెబితే వాళ్ళ పడవ తాడు విప్పి వరసలోంచి తోసేస్తారు.

"నా కళ్ళతో చూశాను. జాలీకి ఎర్ర నాచు ఉంది. ట్యాంకు నీళ్ళు తాగకండి," అన్నా.

"చేసి చూపించు మరి," అన్నాడు సత్తిపండు.

తాగకపోవడం ఎలా చేసి చూపిస్తారే? చేతులు కట్టుకుని నిలబడ్డా. రెండు నిమిషాలు నిలబడ్డా. ఎవరో పిల్ల కిసుక్కున నవ్వింది. నా ఒళ్ళు మండిపోయింది.

అప్పుడు గనిరాజు బాబాయి లేచాడు. చెంబు తీసుకెళ్ళి కుళాయి కింద పెట్టి నింపాడు. తాడు పట్టుకున్నాడు. "నీళ్ళు బాగున్నాయి. ఇదిగో," అని గడగడా మొత్తం తాగేసి చెంబు బోర్లించి చూపించాడు. మీసం తుడుచుకున్నాడు. ఏమీ కాలేదు. ఏమవుతుంది? ఆ విషం లోపలికెళ్ళాక మూడు నాలుగు రోజులకి గానీ బయటపడదని నజీమా మొత్తుకుంటూనే ఉంది. ఈలలే ఈలలు. ఆ ఈలల్లో ఎవరికి వినబడుతుంది.

మన ఆనవాయితీ చూడు, ఎంత బావుందో. అబద్ధాన్ని చెంబుతో తాగి చూపించొచ్చు. నిజం మాత్రం నాలుగు రోజులు ఆగాలి.

గురువారం

పొద్దున్నే తొమ్మిది డ్రమ్ములూ కొట్టు ముందుకి దొర్లించి బోర్డు పెట్టా. వాన నీళ్ళు ఊరికే పట్టుకెళ్ళండి అని. మా వరస మొత్తానికి, అంటే ఇరవై రెండు పడవలకి, తాగడానికి మాత్రమే అయితే శనివారందాకా వస్తాయి. లెక్క కట్టుకున్నా.

ఒక్కరూ రాలేదే. మధ్యాహ్నానికి పలకల్లో ఇంకో గొంతు. ఈసారి ఎవరో ఆడమనిషి ఏడుపు. "పుణ్యవతి ఊరికే ఇచ్చిన నీళ్ళు తాగి మా బాబు పడిపోయాడమ్మా." ఏ బాబు? ఏ వరస? పేరుందా ఊరుందా? ఎవరూ అడగలేదు. అమ్మితే స్వార్థం, ఊరికే ఇస్తే విషం. ఇక నేనేం చెయ్యాలో ఆ గొంతే చెబితే బాగుండేది.

అరగంటలో సత్తిపండుతో ఆరేడుగురు వచ్చారు. నేను అడ్డం నిలబడ్డా. భుజం పట్టుకుని పక్కకి లాగేశారు, మోచెయ్యి కొట్టుకుపోయింది. రెండు డ్రమ్ములు సముద్రంలోకి ఒంపేశారు. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి నేను మూత మీదెక్కి కూర్చున్నా. "నన్ను కూడా కలిపి తొయ్యండ్రా, పీడా పోతుంది," అన్నా. తిట్టా. నీకు రాయలేని తిట్లు తిట్టా. వాళ్ళూ తిట్టారు. ఆ ఆరేడుగురిలో నలుగురికి చిన్నప్పుడు జలుబు చేస్తే నేను కషాయం కాచి పోసినదాన్నే. చివరికి వెళ్ళిపోయారు.

నజీమా వచ్చి మోచేతికి గుడ్డ కట్టింది. "అక్కా, నాకొకటి అర్థం కావట్లేదు. మిగతా నాలుగు వరసలూ నిన్ననే కుళాయిలు కట్టేశాయి. ఒకటో వరసలో అయితే నన్ను కూర్చోబెట్టి టీ కూడా ఇచ్చారు. మీ వరసే ఎందుకింత మొండి? మా ఆఫీసు మీకేం చేసింది?"

ఏమీ చెయ్యలేదమ్మా అని నోటిదాకా వచ్చింది. మింగేశా.

"మొదట కళ్ళు పచ్చబడతాయి. అప్పుడైనా ఆసుపత్రికి చేరిస్తే చాలామంది బతుకుతారు. అప్పటికీ తాగుతూనే ఉంటే కష్టం అక్కా," అంది.

శుక్రవారం

ఇవాళ పొద్దున్నుంచీ మబ్బు. ఆ మబ్బులో గనిరాజు బాబాయి నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు. ఆ చెంబు ఒక్కటే కాదు, వారం మొదటి నుంచీ ఆ నీళ్ళే తాగుతున్నాడు కదా.

సబ్బు ఇవ్వాలన్న వంకతో ఆయన పడవెక్కా. వల ఒళ్ళో ఉంది గానీ చేతులు కదలడం లేదు.

"అద్దాలు తియ్యి బాబాయ్."

"కళ్ళు మంటగా ఉన్నాయి. కలక."

"తియ్యి."

తియ్యలేదు. పక్కన చెంబుంది, నిండుగా. నేను చూస్తుండగానే ఎత్తి ఒక గుక్క తాగాడు. నాకు చూపించడానికే తాగాడు తాయారూ.

"నీకు తెలిసిపోయింది కదా. మరి పిల్లలకెందుకు తాగిస్తున్నావ్?"

"తాడు పట్టుకుని చెప్పానే. అందరూ నా మొహం చూసి తాగుతున్నారు. ఇప్పుడు కాదంటే నా పడవ విప్పేస్తారు. డెబ్బై ఏళ్ళొచ్చాక నన్నెక్కడికి తోస్తారు?" చెంబు కింద పెట్టి, "అయినా నీ మాటగా నువ్వు చెబితే నమ్మేవాణ్ణేమో. ఆ ఆఫీసు మాట నువ్వు మోసుకొచ్చావ్. వాళ్ళని నమ్మే కదా నా రెండో పడవా వలలూ పోగొట్టుకున్నాను," అన్నాడు.

నేను లేచి వచ్చేశా. నాకేం చెప్పాలో తెలీక కాదు. తెలిసే వచ్చేశా.

ఇప్పుడు నీకు చెబుతున్నా. ఆ తుఫాను ఆఫీసు పంపింది కాదు. అప్పుడూ ఇలాంటి దొంగ గొంతే వచ్చింది, తుఫాను వస్తోంది, నీళ్ళు ఎర్రగీత దాటాయని. చూపరిగా నేను తెడ్డేసుకుని కొలత స్తంభం దాకా వెళ్ళి చూడాలి. ఆ రోజు పెద్ద వాన, డ్రమ్ములు నిండుతున్నాయి, అవి వదిలి వెళ్ళబుద్ధి కాలేదు. ఎలాగూ నిజమే అయ్యుంటుందిలే అనుకున్నా. రేవుకొచ్చి తాడు పట్టుకుని "నా కళ్ళతో చూశాను" అన్నా. వరసంతా విప్పుకుని గుట్ట వైపు పరుగెత్తాం. కంగారులో బాబాయి పడవ మునిగింది. నీ మగ్గం ముక్కలైంది, నువ్వు ఇక తిరిగి రాలేదు. తుఫాను రాలేదు. అందరూ నా మీదికొస్తే, "నేను చూసినప్పుడు దాటాయి, ఆఫీసోళ్ళే ఆ స్తంభం మీద గీత తప్పు గీశారు" అని ఇంకో అబద్ధం చెప్పా. అది అందరికీ బాగా నచ్చింది. ఆఫీసుని తిట్టుకోవడం ఎవరికి చేదు?

నీకూ అదే చెప్పా. నువ్వూ నమ్మావ్.

నజీమా మాట మన వరస ఎందుకు వినడం లేదో ఇప్పుడు తెలిసిందా.

శనివారం

నీళ్ళ పడవ వచ్చింది. నజీమా డబ్బాలు దించుతుంటే ఎవరూ ముట్టుకోలేదు. సత్తిపండు కుళాయి దగ్గర బెంచీ వేసుకుని మరీ అందరికీ నీళ్ళు పట్టిస్తున్నాడు. చిన్న పిల్ల ఒకత్తి సీసా పట్టుకుని నిలబడింది. దాని కళ్ళు చూశా. తెల్లగానే ఉన్నాయి. ఇంకా తెల్లగానే ఉన్నాయి.

వెళ్ళి తాడు పట్టుకున్నా.

"తాడు వదలవే బాబూ, నీ పాట విన్నాం," అన్నారెవరో.

"ఇది వేరే పాట," అని మొదలెట్టా. ఏమీ దాచలేదు. స్తంభం దగ్గరికి వెళ్ళలేదని, చూడకుండానే చూశానన్నానని, గీత మాట నేను పుట్టించిందేనని, ఆఫీసు తప్పు వెంట్రుకంత కూడా లేదని చెప్పా. మాట తడబడి రెండుసార్లు మళ్ళీ మొదటికి వచ్చా. ఏడవలేదు. ఏడిస్తే జాలికి అనుకుంటారని బిగబట్టుకున్నా.

చేసి చూపించాలి కదా. వంగి నా పడవకొట్టు ముడి నేనే విప్పేశా. తాడు కొస పట్టుకుని నిలబడ్డా. "ఇప్పుడు చెబుతున్నా. నాకిక్కడ చోటు లేదు, అమ్ముకోవడానికి ఏమీ లేదు. ఆ నీళ్ళు తాగకండి."

ఒకేసారి అందరూ మాట్లాడారు. నీ నోరు పడిపోను అన్నారు. నా మొగుడి వలలు నువ్వు కొనిస్తావా అన్నారు. ఎవరిదో చెప్పు వచ్చి వీపుకి తగిలింది. సత్తిపండు అయితే, "ఒకసారి అబద్ధం చెప్పినదాన్ని ఇప్పుడు మాత్రం ఎందుకు నమ్మాలిరా?" అని అరిచాడు.

ఆ మాటకి జవాబు గనిరాజు బాబాయి దగ్గరుంది. ఆయన లేచి రెండడుగులు వేసి తూలాడు. నా దగ్గరికి వచ్చి చెంప మీద ఒక్కటిచ్చాడు. గట్టిగానే ఇచ్చాడు, పళ్ళు కదిలాయి. "నా పడవ మింగింది నువ్వటే," అన్నాడు. ఆ తర్వాత నా పక్కనే తాడు పట్టుకున్నాడు. అద్దాలు తీశాడు.

పసుపు ముద్దల్లా ఉన్నాయి తాయారూ ఆ కళ్ళు.

"బుధవారం నేను చెప్పింది తప్పు. నిన్నటికే నాకు తెలుసు, తెలిసీ ఊరుకున్నాను. అది అబద్ధమే. తాగకండి," అన్నాడు.

సీసా పట్టుకున్న పిల్లని వాళ్ళమ్మ లాక్కుంది. సీసా కింద పడి పగిలింది. ఆ తర్వాత అందరూ తమ పిల్లల రెప్పలు లాగి చూసుకోవడమే. సత్తిపండు బెంచీ మీంచి లేచి ఎటు వెళ్ళాలో తెలీక అక్కడక్కడే తిరిగాడు. వాడి కళ్ళూ పచ్చగానే ఉన్నాయి. వాడు నమ్మే తాగాడే, అది వేరే సంగతి.

బుధవారం

నాలుగు రోజులు రాయలేదు. కట్టుకోవడానికి చోటు వెతుక్కోవడంతోనే సరిపోయింది.

లెక్క చెబుతా. మన వరసలో పదమూడు మందిని మీ గుట్ట ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఇద్దరు పోయారు. మూలపడవ ముసలమ్మ ఒకరు, సత్తిపండు ఒకడు. వాడి మీద నాకు ఎంత కోపం ఉండాలో అంతా ఉంది, ఇప్పుడది ఎవరి మీద పెట్టుకోవాలో తెలీడం లేదు. పిల్లలు అందరూ బతికారు. గనిరాజు బాబాయి అక్కడే ఉన్నాడు, ఎలా ఉన్నాడో నాకు చెప్పేవాళ్ళు లేరు. నువ్వు వెళ్ళి చూడు. నా పేరు చెప్పకు, చెబితే నీ చేతి నీళ్ళు కూడా తాగడు.

మాట ప్రకారం నా కొట్టు తోసేశారు. పడవ నేనే విప్పాను కాబట్టి తొయ్యాల్సిన పని లేదంటుందేమో అనుకున్నా వరస, ఊహూ. ఎనిమిది మంది వచ్చి తెడ్లతో నెట్టారు. బాబాయి పడవ మాత్రం విప్పలేదు. ఆస్పత్రిలో ఉన్న మనిషి ఇల్లు ఎలా విప్పుతామన్నారు. ఒకత్తి, తన పిల్ల బతికిందే ఆ రోజు, దానిక్కూడా నా మొహం చూడబుద్ధి కాలేదు, కానీ బియ్యం మూట ఒకటి డెక్కు మీదికి విసిరింది. తగిలుంటే తల పగిలేది. ప్రస్తుతం మునిగిన సెల్ టవర్ కొసకి కట్టుకుని ఉన్నా. చుట్టూ నీళ్ళే. కాకులతోనే బేరాలు.

నజీమా నిన్న చూడ్డానికి వచ్చింది. ఏం మాట్లాడుతుందో అనుకున్నా. ఆ గీత గీసిన కొలతల పెద్దాయన్ని పోయినేడాది ఉద్యోగంలోంచి తీసేశారట, నా మాట విని. అది చెప్పి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది. ఆయన పేరు అడిగి రాసుకున్నా. ఆయనకి ఏం రాయాలో ఇంకా తెలీలేదు.

వెళ్తూ వెళ్తూ తన పలక తీసి ఒకటి వినిపించింది. అది విన్నప్పట్నుంచీ తిండి సహించడం లేదే.

నా గొంతు. అచ్చం నా గొంతు. నా "చూడవే", నా "ఊహూ", మాటకీ మాటకీ మధ్య నేను ముక్కు ఎగబీల్చే చప్పుడు. "ఆఫీసోళ్ళు నన్ను బెదిరించి అలా చెప్పించారమ్మా. ట్యాంకు నీళ్ళు మంచివే. పిల్లలకి పట్టండి." నేను వరసలో ఉంటే రేవుకెళ్ళి నిలబడి, ఇదిగో నేను, అది నేను కాదు అని చెప్పేదాన్ని. ఇప్పుడు నన్ను రేవెక్కనివ్వరు. నజీమా వెళ్ళి చెబుతోంది, ప్రస్తుతానికి వింటున్నారట. ఎన్నాళ్ళు వింటారో.

ఆ గొంతు నీదాకా కూడా వస్తుంది తాయారూ. ఇవాళ కాకపోతే రేపు. నీకు నీళ్ళ సంగతి చెప్పదు, ఇంకేదో చెబుతుంది. నాకు జబ్బు చేసింది రా అంటుంది, లేదా రావద్దు అంటుంది. నీ మగ్గం సంగతి నేను చెప్పింది అంతా ఉత్తిదే అంటుంది. నమ్మకు. ఈ కాగితాన్ని కూడా ఊరికే నమ్మకు. రాసింది నేనే అని నువ్వెలా తేల్చుకుంటావ్? ఎదురుగా కూర్చుని, నా మొహం చూస్తూ, అడగాల్సినవి అడుగు. తిట్టాల్సినవి ఏడాదివి ఉన్నాయి, తిట్టు. కొట్టాలనిపిస్తే కొట్టు, ఒక చెంప ఇంకా బాగానే ఉంది.

ఉత్తరాల పడవ కనబడుతోంది, ఇచ్చేస్తున్నా. గుట్ట దిగువ రేవుకి నా కొట్టు తోలుకురమ్మంటే వస్తా, లేదంటే నువ్వే రా. చెప్పవే, ఎప్పుడు కలుద్దాం?